గర్భిణికి తెల్లబట్ట: అన్నిటికీ ‘వేడి’ కారణం కాదు

“డాక్టరమ్మగారూ, మా కోడలికి ఆరో నెల. తెల్లబట్ట అవుతోందట. వేడి చేసింది కాబోలు, చలవకు ఏదైనా ఇవ్వండి.”

ముప్పది యేండ్లకు పైబడిన నా వైద్యవృత్తిలో ఈ మాటలు ఎన్ని వందలసార్లు విన్నానో లెక్క చెప్పలేను. మన ఇండ్లలో తెల్లబట్టకు రెండే కారణాలు చెబుతారు. ఒకటి వేడి. రెండవది ఎముకలు కరిగిపోవుట. రెండవదానిలో ఇసుమంతయు నిజం లేదు. మొదటిది కొన్ని సందర్భాలలో ఒక ఊరడింపు మాటగా పనికివస్తుందేమో గాని, గర్భిణి విషయంలో అది ప్రమాదాన్ని కప్పిపుచ్చే మాట కాగలదు. ఈ సంగతి నేను పుస్తకాలలో చదివి నేర్చుకొన్నది కాదు. నా పొరపాటు వలన నేర్చుకొన్నాను. గనుక ఆ పొరపాటే ముందుగా చెబుతాను.

2008 వేసవిలో తెనాలిలోని మా వైద్యశాలకు ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయికి 22 యేండ్లు, తొలి చూలు, 26 వారాలు నిండాయి. మాట్లాడినదంతా అత్తగారే. అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. ఒక్కసారి మాత్రం తలెత్తి నా వైపు చూసి, ఏదో చెప్పబోయి, మరల తల దించుకొన్నది. ఆ చూపు నేను గమనించాను. గమనించి కూడా అడుగలేదు. బయట ఇంకా పదిమంది కూర్చొని ఉన్నారు. బార్లీనీళ్ళు, ధనియాల కషాయం వ్రాసి, పచ్చళ్ళు తగ్గించమని చెప్పి పంపివేశాను.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి ఆ అమ్మాయికి పక్కబట్టలు తడిసిపోయాయి. తెలియకుండా మూత్రం పోయిందని సిగ్గుపడి, తెల్లవారేదాకా ఎవరికీ చెప్పలేదు. అది మూత్రం కాదు, ఉమ్మనీరు. గుంటూరు తీసికొనిపోగా మరునాటి సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. బరువు 1,150 గ్రాములు. 47 దినములు ఆ బిడ్డ అద్దాల పెట్టెలోను, ఆ తర్వాత తల్లి గుండెల మీదను ఉండి, బ్రతికి ఇంటికి వచ్చింది. ఇంటిల్లిపాదీ మాత్రం ఆ నెలలో అమ్మాయి తిన్న రెండు బొప్పాయి ముక్కలే కారణమని తీర్మానించారు. నెలలు గడిచాక ఆ అమ్మాయి ఒంటరిగా వచ్చి నాతో అన్న మాట ఇది: “ఆ రోజు వాసన సంగతి చెబుదామనుకున్నానండీ. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు.”

ఆనాడు నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ కాన్పు నెలలు నిండేవరకు ఆగేదని నేను చెప్పలేను. అట్లా చెప్పుట శాస్త్రమూ కాదు, ఎందుకో ముందు వివరిస్తాను. కాని అడుగవలసిన ప్రశ్న అడుగలేదన్నది నిజం. ఆనాటినుండి నా గదిలోనికి గర్భిణి ఎవరితో వచ్చినా, ఐదు నిమిషాలపాటు వెంట వచ్చినవారిని బయట కూర్చోబెడతాను. కొందరు అత్తగార్లు నొచ్చుకొంటారు. నొచ్చుకోనీయండి.

ఇక విషయానికి వద్దాం.

గర్భం ధరించిన స్త్రీకి తెల్లబట్ట కొంత ఎక్కువగా అగుట సహజమే. రక్తప్రసరణ, హార్మోనులు పెరుగుట వలన యోనిమార్గంలో స్రావం అధికమగును. అది పలుచని పాలవలె తెల్లగా ఉండి, దుర్వాసన, దురద, మంట లేకుండా ఉన్నయెడల భయపడవలసిన పని లేదు, ఔషధమూ అక్కరలేదు. నిజానికి ఆ స్రావమే ఒక కాపలా. యోని గోడల కణములలో గ్లైకోజన్ అను పిండిపదార్థం ఉంటుంది. దాని నుండి వచ్చిన చక్కెరలను ఆహారంగా తీసికొని లాక్టోబాసిల్లస్ అను మేలుచేసే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పాలు తోడుకొని పెరుగు పుల్లబడినట్లే అనుకొనండి. ఈ పులుపు వలన యోనిమార్గపు పి.హెచ్. 3.8 నుండి 4.5 వరకు ఉండి, హానిచేసే క్రిములు అక్కడ నిలద్రొక్కుకొనలేవు. ఈ సూక్ష్మజీవులను జర్మనీ దేశపు వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లో వర్ణించాడు.

ఈ మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గిపోయి, వాటి స్థానంలో గార్డ్‌నెరెల్లా మొదలైనవి, గాలి అక్కరలేకుండా బ్రతికేవి పెచ్చు పెరిగినప్పుడు కలిగే స్థితిని బాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. నెలలు నిండని కాన్పుతో ఎక్కువగా ముడిపడినది ఇదే. స్రావం పలుచగా, బూడిద కలిసిన తెలుపు రంగులో ఉంటుంది. చేపల వాసన వంటి వాసన వస్తుంది. భర్తతో కలిసిన తర్వాత ఆ వాసన మరింత తెలియును. దురద మాత్రం సాధారణంగా ఉండదు. దురద లేదు గనుక జబ్బు లేదని చాలామంది ఊరుకొంటారు. అసలు సగంమందికి ఏ లక్షణమూ తెలియదు కూడాను.

దురద విపరీతంగా ఉండి, విరిగిన పాల ముక్కలవలె లేక గట్టి పెరుగువలె తెల్లని స్రావం అంటుకొని ఉంటే అది కాండిడా అను బూజుజాతి క్రిమి వలన వచ్చినది. గర్భిణులలో చాలా సాధారణం. బాధపెట్టును గాని, కాన్పు ముందుకు వచ్చుటకు ఇది ముఖ్యకారణమని తేలలేదు. దీనికి యోనిలో ఉంచే క్లోట్రిమజోల్ బిళ్ళలను వైద్యులు ఏడు దినములు వాడిస్తారు. మామూలు సమయంలో మింగే ఫ్లుకోనజోల్ మాత్రను గర్భిణి తనంతట తాను దుకాణంలో కొని వేసుకొనరాదు. ఈ బాధ మాటిమాటికీ తిరిగి వచ్చుచున్నచో మధుమేహ పరీక్ష తప్పనిసరి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూచే పరీక్ష మన ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా చేస్తున్నారు.

మూడవది ట్రైకోమోనాస్. పసుపు, ఆకుపచ్చ కలిసిన నురగవంటి స్రావం, మంట, దుర్వాసన దీని గుర్తులు. ఇది భార్యాభర్తల కలయిక ద్వారా వ్యాపించేది గనుక భర్తకు కూడా చికిత్స జరుగవలెను. ఈ మాట చెప్పినప్పుడు కొన్ని ఇండ్లలో పెద్ద గొడవ లేస్తుంది. అయినా చెప్పక తప్పదు. భార్యకు మాత్రమే మందిచ్చినయెడల నెల తిరుగకముందే జబ్బు మరల వస్తుంది.

యోనిలో ఉన్న క్రిమికి, గర్భాశయంలో పైన భద్రంగా ఉన్న బిడ్డకు ఏమి సంబంధమని మీరు అడుగవచ్చు. గర్భాశయ ముఖద్వారం వద్ద చిక్కని జిగట పదార్థం బిరడావలె మూసి ఉంటుంది. క్రింద హానికర క్రిములు అధికమైనప్పుడు కొందరిలో అవి ఈ బిరడాను దాటి పైకి ప్రాకి, ఉమ్మనీటి సంచి పొరలను చేరుకొంటాయి. శరీరం వాటితో పోరాడుటకు అక్కడ శోథ, అనగా వాపు పుట్టిస్తుంది. ఆ శోథలో ప్రోస్టాగ్లాండిన్లు అను రసాయనాలు విడుదలవుతాయి. నెలలు నిండినప్పుడు సహజమైన నొప్పులను కలిగించుటలో పాలుపంచుకొనేవి కూడా ఇవే. ఇవి అకాలంలో పుట్టుటచేత ముఖద్వారం మెత్తబడి పొట్టి అవుతుంది, గర్భాశయం ముడుచుకొనుట మొదలుపెడుతుంది. మరొకవైపు క్రిములు వదిలే పదార్థాలచేత పొరలు బలహీనమై చిట్లుతాయి. 37 వారాలు నిండకముందు జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటున్నాం. 2020వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద 1 కోటి 34 లక్షలమంది ఇట్లా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో సుమారు 30 లక్షలమంది మన దేశపు బిడ్డలే. దేశాలన్నిటిలోను అత్యధిక సంఖ్య మనదే.

బాక్టీరియల్ వెజైనోసిస్ ఉన్న గర్భిణులలో నెలలు నిండని కాన్పు జరిగే అవకాశం లేనివారికంటె సుమారు రెండింతలు. దీనిని చదివి గుండె దడదడలాడించుకొనవద్దు. రెండింతలు అన్నంత మాత్రాన ఆ జబ్బు ఉన్న ప్రతివారికీ కాన్పు ముందే వస్తుందని కాదు. వారిలో అత్యధికులు నెలలు నిండి సుఖంగానే ప్రసవిస్తారు. కవలలు, అధిక రక్తపోటు, ముఖద్వారం పొట్టిగా ఉండుట, పొగాకు, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం లేకపోవుట, ఇంతకుముందు ఒకసారి ముందుగా ప్రసవించి ఉండుట మొదలైన కారణాలు ఇంకా అనేకం ఉన్నవి.

ఇక్కడ చాలా పత్రికలలో వ్రాయని ఒక చిక్కు ఉన్నది. క్రిమి వలన కాన్పు ముందుకు వచ్చుచున్నదంటే, గర్భిణులందరికీ పరీక్ష చేసి, క్రిమి ఉన్నవారందరికీ మందిస్తే సరిపోవును గదా? వైద్యులూ అట్లే అనుకొన్నారు. 2000 సంవత్సరంలో అమెరికాలో ఏ లక్షణాలూ లేని సుమారు 1,950 మంది గర్భిణులపై మెట్రోనిడజోల్‌తో చేసిన పరిశోధనలో నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. 2018లో ఫ్రాన్సులో క్లిండమైసిన్‌తో జరిగిన పెద్ద పరిశోధనలోనూ ఫలితం అదే. ట్రైకోమోనాస్ ఉండి లక్షణాలు లేనివారికి మందిచ్చిన 2001 నాటి పరిశోధనలోనైతే ముందు కాన్పులు తగ్గకపోగా పెరిగినవి. అందుచేత ఏ బాధా లేని, ప్రమాదకారణాలు లేని గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయనక్కరలేదని 2020లో అమెరికా వైద్య నిపుణుల సంఘం సూచించింది. లక్షణాలు ఉన్నవారికి మాత్రం పరీక్ష, చికిత్స రెండూ కావలెను. ఇందులో భిన్నాభిప్రాయం లేదు. కనుక నాకు కావలసినది మీరు పరిగెత్తుకొని పరీక్షలు చేయించుకొనుట కాదు. వాసన, రంగు, మంట కనిపించినప్పుడు నోరు విప్పి చెప్పుట.

పరీక్ష అంటే భయపడుటకు ఏమీ లేదు. ఒక దూదిపుల్లతో కొద్దిగా స్రావం తీసి, పి.హెచ్. చూచి, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలిస్తారు. బిడ్డకు ఏ హానీ లేదు. బాక్టీరియల్ వెజైనోసిస్ అని తేలితే మెట్రోనిడజోల్ గాని క్లిండమైసిన్ గాని వైద్యులు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడవలెను. నేను ఆయుర్వేద వైద్యురాలినై యుండి ఈ మందులను చెబుతున్నానేమని కొందరు పాఠకులు అలుగవచ్చు. గర్భిణి విషయంలో పంతాలకు చోటు లేదు.

మన శాస్త్రం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. చరకసంహిత చికిత్సాస్థానంలో ఇరువది యోనివ్యాపత్తులను వర్ణించారు. అందులో ‘ఉపప్లుత’ అనునది ప్రత్యేకించి గర్భిణికి వచ్చేది. కఫాన్ని పెంచే ఆహారం అతిగా తినుట, వాంతిని, నిట్టూర్పును బలవంతాన ఆపుకొనుట వలన వాతం ప్రకోపించి, కఫాన్ని యోనికి చేర్చి దూషింపజేయగా, పోటుతో కూడిన పాలిపోయిన స్రావం గాని తెల్లని కఫస్రావం గాని అగునని అక్కడ చెప్పబడింది. గమనించండి, వేడి అనలేదు, కఫవాతములన్నారు! చలువ చేయునవి కదా అని తీపి పానీయాలు, మీగడ పెరుగు, చక్కెర పోసిన సబ్జానీళ్ళు పూటపూటా పట్టించుట ఈ లెక్కన చూచినా తగనిదే.

గర్భిణిని అంచుదాకా నూనెతో నిండిన పాత్రవలె తొణకకుండా కాపాడవలెనని కూడా చరకుడు అన్నాడు. తీక్ష్ణమైన ఔషధాలు, వమన విరేచనాలు, రక్తమోక్షణం సాధారణంగా కూడదన్నాడు. ఇది చదివిన వైద్యుడెవ్వడూ గర్భిణికి పటికనీళ్ళతోను, వేపకషాయంతోను, త్రిఫల కషాయంతోను యోని లోపల కడుగుకోమని చెప్పడు. కాని మన ఇండ్లలో ఇవన్నీ జరుగుచున్నవి. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి పట్టల పంచవల్కల కషాయం మంచి ఔషధమే. దానిని గర్భం లేని స్త్రీలకు నేనూ వాడిస్తాను. గర్భిణికి మాత్రం లోపల ఏ ద్రవంతోనూ కడుగరాదు. కడిగినకొద్దీ మేలుచేసే సూక్ష్మజీవులు కూడా కొట్టుకొనిపోతాయి. వేగంగా చిమ్మిన నీరు, గాలి లోపలికి పోయి ప్రాణాపాయం కలుగవచ్చు. వెల్లుల్లి రేకను గుడ్డలో చుట్టి పెట్టుకొనుట, పెరుగులో ముంచిన దూది పెట్టుకొనుట, ఇవి కూడా వద్దు. ఇంటి పెరుగు తినండి, చాలా మంచిది. అది లోపల పూయుటకు కాదు. తొమ్మిదో నెలలో ఔషధ తైలంలో ముంచిన పిచువును ఉంచుట శాస్త్రంలో ఉన్నది గాని, అది ప్రసవమార్గం మెత్తబడుటకు, అదీ నెలలు నిండాక, వైద్యుని చేతి మీదుగా. ఏడో నెలలో తెల్లబట్టకు వాడే వైద్యం కాదది.

మరి ఇంట్లో ఏమి చేయవచ్చును? నూలు లోదుస్తులు వదులుగా ఉన్నవి వాడి, ఉతికి, ఎండలో ఆరవేయవలెను. మన ఇండ్లలో వీటిని చీర చాటున తడితడిగా ఆరవేయు అలవాటు ఉన్నది. ఆ సిగ్గు ఇకనైనా మానవలెను. మలవిసర్జన తర్వాత ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను. వెనుకనుండి ముందుకు ఎన్నడూ కాదు. బయటి భాగాన్ని మంచినీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకొంటే చాలు. సువాసన సబ్బులు, పౌడర్లు, యోని శుభ్రతకని ప్రకటనలలో వచ్చే ద్రవాలు అక్కరలేదు. మూత్రం వచ్చినప్పుడు ఆపుకొనరాదు. ఉద్యోగాలకు పోయే గర్భిణులు, బస్సు ప్రయాణాలలో సరియైన చోటు దొరకనివారు గంటల తరబడి ఆపుకొని, నీళ్ళు త్రాగుట మానివేస్తారు. మూత్రాశయంలో చేరిన క్రిములు మూత్రపిండాలకు ఎక్కితే చలిజ్వరంతోపాటు కాన్పు నొప్పులూ రావచ్చును. మూత్రంలో క్రిములుండి మంట కూడా తెలియని గర్భిణులు ఉంటారు గనుక మొదటి నెలలలోనే ఒకసారి మూత్రం కల్చర్ పరీక్ష చేయించుకొనుట ఎంతైనా అవసరం.

బార్లీనీళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. రెండు చెంచాల బార్లీగింజలు కడిగి, లీటరు నీటిలో వేసి, మూడు వంతులు మిగిలేవరకు సన్నసెగపై మరిగించి, వడకట్టి, రోజంతా కొద్దికొద్దిగా త్రాగవలెను. పంచదార వద్దు, కావలెనంటే చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. మూత్రం సాఫీగా అగుటకు, నోటికి హాయిగా ఉండుటకు మంచిది. ధనియాలు ఒక చెంచా రాత్రి నానవేసి ఉదయం వడకట్టి త్రాగినా అంతే. కాని వాసనతో కూడిన స్రావాన్ని ఇవి పోగొట్టవు. ఆనాడు నేను వ్రాసి ఇచ్చినవి ఇవే గనుక గట్టిగా చెబుతున్నాను.

ఆ అమ్మాయి 2013లో మరల గర్భవతి అయినది. ఒకసారి ముందుగా ప్రసవించినవారికి మరల అట్లా జరిగే అవకాశం ఎక్కువ గనుక మొదటినుండీ స్త్రీల వైద్యురాలి వద్దనే చూపించుకోమన్నాను. 18వ వారంలో నా దగ్గరకు వచ్చి, కుర్చీలో కూర్చొనకముందే “వాసన వస్తోందండీ” అన్నది. అదే రోజు పంపించాను. ఏడు రోజుల మాత్రలు, స్కానింగులో ముఖద్వారం పొడవు కొలుచుట, విశ్రాంతి వేళలు, అన్నీ జరిగినవి. 38వ వారంలో మగపిల్లవాడు పుట్టాడు. మాత్రల వలననే ఇట్లా జరిగినదని నేను చెప్పను. ఈసారి అత్తగారే ఆమెను నా గదిలో వదలి తాము బయట కూర్చున్నారు.

గర్భిణి ఉన్న ఇంట్లో ఈ గుర్తులు అందరికీ తెలిసి ఉండవలెను. నీళ్ళవంటి స్రావం ఒక్కసారిగా గాని, ఆగకుండా చుక్కచుక్కగా గాని వచ్చి బట్ట తడుస్తుంటే అది ఉమ్మనీరు కావచ్చు. శుభ్రమైన తెల్లని నూలుబట్ట పెట్టుకొని చూడండి. మూత్రపు వాసన, పసుపు రంగు లేకుండా బట్ట తడుస్తుంటే తెల్లవారేదాకా ఆగవద్దు. పదిపదిహేను నిమిషాలకొకసారి పొట్ట గట్టిపడుట, నడుమునుండి క్రిందికి లాగుతున్న నొప్పి, బరువుగా క్రిందికి దిగినట్లుండుట, రక్తపు చార, చలిజ్వరం, బిడ్డ కదలిక తగ్గుట, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రి, పగలు చూడక నెలలు తక్కువ బిడ్డలను కాపాడగల ఆసుపత్రికి పోవలెను. దగ్గరగా ఉన్నదానికి కాదు, ఆ సదుపాయం ఉన్నదానికి. 24 నుండి 34 వారాల మధ్య కాన్పు తప్పదనిపించినప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడుటకు తల్లికి స్టిరాయిడు ఇంజక్షన్లు ఇస్తారు. 1972లో న్యూజిలాండు వైద్యులు లిగ్గిన్స్, హౌవీ వెల్లడించిన ఈ పద్ధతి లెక్కలేనంతమంది బిడ్డలను బ్రతికించింది. ఆ మందు పనిచేయుటకు కొన్ని గంటలు కావలెను. సిగ్గుతో పోగొట్టుకొన్న ఒక రాత్రి ఆ గంటలనే తినివేస్తుంది.

ఒక మాట మిగిలింది. “ఏడో నెల బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బ్రతకదు” అని మనలో ఒక నానుడి ఉన్నది. ఎనిమిదో నెలలో ఓజస్సు తల్లికీ బిడ్డకూ మధ్య అస్థిరంగా తిరుగుచుండును గనుక అప్పటి ప్రసవం అపాయకరమని చరకుడు అన్నాడు. ఏడో నెల మేలని అనలేదు. ఈనాటి అనుభవం చెప్పేది స్పష్టం. గర్భంలో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే, ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డకంటె ఎక్కువగా బ్రతుకుతుంది. ఈ నానుడి నమ్మి, ఇక లాభం లేదని బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోకుండా ఇంట్లో ఉంచుకొన్నవారిని నేను చూచాను. అట్లా చేయకండి. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేటట్లు కట్టుకొని వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో మొదలై, నేడు మన జిల్లా ఆసుపత్రులలో కూడా నేర్పిస్తున్నారు. తల్లి అలసినప్పుడు తండ్రి కట్టుకొనవచ్చు, అమ్మమ్మ, నాయనమ్మ కట్టుకొనవచ్చు. ఆ 1,150 గ్రాముల పిల్లను రాత్రిళ్ళు ఎక్కువగా గుండెకు కట్టుకొన్నది ఆ అత్తగారే.